తాతలనాటి బండి

తండ్రి తాతల నుండి మనకు సంక్రమించు వస్తువులు పలువిధములు. పొలము, ఇల్లు, నగలు మున్నగువానిని అందరును భద్రపరచుకొందురు. వాని విలువ ఎల్లరకును తెలిసినదే. కాని కొన్ని వస్తువులు వాడుక తప్పిన వెంటనే విలువ కోల్పోవును. బీడుపడిన పొలమును ఎవరును పారవేయరు. మూలపడిన బండిని మాత్రము పొయ్యిలో పెట్టువారు కలరు. రెండు మూడు తరముల పాటు ఇంటిల్లిపాదిని మోసిన బండి తుదకు వంటచెరకు కావలసినదేనా? దానిని మన చేతులతోనే ఒక కళాఖండముగా దిద్ది నిలుపుకొనుటకు మార్గము లేదా? అట్టి మార్గమును మన నేలమీదను, దూరదేశములలోను కొందరు కనుగొనిరి. వారేమి చేసిరో, వారి వలన మనము నేర్వదగినదేమో ఇచట తెలిసికొందము.

ప్రకాశం జిల్లాలో ఒంగోలునకు దక్షిణముగా సింగరాయకొండ కలదు. సింగరాయడనగా నరసింహస్వామి. కొండమీద వరాహ లక్ష్మీనరసింహస్వామి ఆలయము, తూర్పున పాకల సముద్రతీరము, ఊరి ప్రక్కగా సాగిపోవు రైలుమార్గము, జాతీయ రహదారి — ఇవి ఆ ఊరి గుర్తులు. ఇచటి నుండి ఉత్తరముగా గుంటూరు వరకు వ్యాపించిన మెట్టభూములలో పొగాకు, ప్రత్తి, మిరప, కంది, శనగ పండును. ఒకప్పుడు ఆ పంట కళ్ళము నుండి ఇల్లు చేరవలెనన్నను, ఇంటి నుండి సంతకో, రైలు స్టేషనునకో పోవలెనన్నను ఎద్దుబండియే దిక్కు. వానలు వెలిసిన పిదప మోకాలిలోతు దిగబడు నల్లరేగడి దారులలో మరియొక వాహనము నడవజాలదు. అదే బండికి వెదురుబద్దలతో గూడు కట్టినచో పెండ్లికూతురును అత్తవారింటికి పంపు సవారీబండి యయ్యెడిది. తిరునాళ్ళకు పోవువారికి రాత్రి పడకయు అదియే.

ఆ బండ్లను లాగిన ఎడ్లు సామాన్యమైనవి కావు. ఒంగోలు జాతి పశువులు పంతొమ్మిదవ, ఇరువదవ శతాబ్దములలో సముద్రములు దాటి బ్రెజిల్ దేశమునకు చేరినవి. ఒకప్పుడు ఒంగోలు ప్రాంతము నెల్లూరు జిల్లాలో చేరియుండుటచే, ఆ సంతతిని ఆ దేశస్థులు నేటికిని ‘నెలోర్’ అను పేరనే పిలుచుచున్నారు. గిత్త పేరు లోకమంతట వ్యాపించినది. అది లాగిన బండిని చేసిన వడ్రంగి పేరు మాత్రము పొరుగూరికైనను తెలియలేదు.

నేడు పొలము దున్నుటకును, పంట తోలుటకును ట్రాక్టరు వచ్చినది. రైతునకు శ్రమ తగ్గినది, కాలము కలిసివచ్చినది. ఇందుకు విచారింప బనిలేదు. కాని ట్రాక్టరు రాగానే అనేక గృహములలో బండి వేపచెట్టు క్రిందికి చేరినది. అటుపై దానికి మూడు గతులు కలవు. ఎండకు ఎండి, వానకు తడిసి చెదలపాలగుట మొదటిది. ఇనుమును పాత సామానుల వానికమ్మి, కొయ్యను పొయ్యిలో పెట్టుట రెండవది. బాగుచేసి, రంగులు దిద్ది, ఇంటిముందు గౌరవముగా నిలుపుకొనుట మూడవది. ఈ మూడవ పని తలచినంత సులభము కాదు. రంగులడబ్బాయు, కుంచెయు ఉన్నంత మాత్రమున బండి కళాఖండము కాజాలదు. అలంకరించుటకు పూర్వము దానిని అర్థము చేసికొనవలెను. బండిలోని ఏ భాగము ఏ పనికై ఏర్పడినదో ఎరుగనివాడు దానిని అందగించబోయి చెరచును.

కావున ముందుగా బండి నిర్మాణమును పరిశీలింతము. ఎడ్ల మెడమీద నుండునది కాడి. కాడి నుండి వెనుకకు సాగి సరుకు నిలుచు చట్రమును మోయు పొడవైన దూలములు నొగలు. చట్రము క్రింద అడ్డముగా నుండునది ఇరుసు. ఇరుసు కొనలకు రెండు చక్రములు. అవి జారిపోకుండ ఆపునది కడసీల. ఇంత బరువును మోయు బండియంతయు ఆ చిన్న సీలమీద ఆధారపడియుండును.

చక్రము నిర్మాణము మరియు చిత్రమైనది. నడుమనుండు గట్టి దిమ్మెను కుండ యందురు. కుండ నుండి కిరణములవలె వెలువడునవి ఆకులు. ఆకుల కొనలను కలుపుచు వలయముగా అమరిన వంపుకొయ్యలు పూటీలు. సాధారణముగా ఒక్కొక్క పూటీకి రెండేసి ఆకులుండును. అనగా పూటీలు 6 అయినచో ఆకులు 12. ఈ పనికి నల్లతుమ్మ కొయ్య మిక్కిలి ప్రశస్తము. అది గట్టిది, కుదుపులకు ఓర్చునది, మన పొలముగట్లమీదనే పెరుగునది. ఆకునకు కుండలో తొలిచిన రంధ్రము ఒక వెంట్రుకవాసి పెద్దదైనను చక్రము వదులగును. చిన్నదైనచో కుండ పగులును. వడ్రంగి దీనిని చూపుతోను, వ్రేలి కొనలతోను నిర్ణయించెడివాడు.

కొయ్యచక్రమును బిగించువాడు కమ్మరి. చక్రము చుట్టుకొలత కంటె కొంచెము తక్కువగా ఇనుప కట్టును చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో ఎత్తి చక్రమునకు తొడిగి, వెంటనే నీరు పోయుదురు. వేడికి వ్యాకోచించిన ఇనుము చల్లబడి సంకోచించును. పూటీలను, ఆకులను, కుండను ఒక్కటిగా బిగించును. మీరు విజ్ఞానశాస్త్రమున చదువుకొను సూత్రమే ఇది. ఒక లెక్క చూడుడు. ఇనుము ప్రతి సెంటిగ్రేడు డిగ్రీకి తన పొడవులో పది లక్షలలో 12 వంతులు పెరుగును. 1.5 మీటర్ల వ్యాసముగల చక్రము చుట్టుకొలత సుమారు 4.7 మీటర్లు. ఇనుప కట్టును 500 డిగ్రీల మేరకు వేడిచేసినచో అది దాదాపు 2.8 సెంటీమీటర్లు సాగును. ఈ కొద్దిపాటి సాగుదలను ఆధారము చేసికొని కమ్మరి టన్నుల బరువును మోయు చక్రమును బిగించెను. కాగితము మీద అతడు ఈ లెక్క వేయలేదు. అతని చేతికి అది తెలియును.

ఇట్లు చూచినచో, బండిలో అందము మొదటినుండియు ఉన్నదని తెలియును. ఆకుల వరుస కంటికి ఇంపుగా నుండుట బరువు సమముగా పంచబడుటవలననే. నొగల అంచులు నున్నగా చెక్కుట ఎద్దు ఒంటికి గీసికొనకుండుటకు. ఎడ్ల మెడలోని గంటలు, మువ్వలు చీకటిదారిలో ఎదురువచ్చువారికి హెచ్చరిక. పనికై పుట్టిన ప్రతి వస్తువునకు మన పూర్వులు కొంత సొగసు కూర్చిరి. ఆ సొగసు పనికి అడ్డుపడకుండ చూచుకొనిరి. బండిని కళాఖండముగా మార్చువారికి ఇదియే మొదటి పాఠము.

పనిబండి కళగా మారుటను మన ప్రాంతముననే చూడవలెనన్నచో మహాశివరాత్రినాడు కోటప్పకొండకు పోవలెను. ఇది పల్నాడు జిల్లాలో నరసరావుపేట సమీపమున నున్న త్రికోటేశ్వరస్వామి క్షేత్రము. ఆనాడు చుట్టుప్రక్కల గ్రామములవారు ప్రభలను కట్టుకొని వత్తురు. ప్రభ యనగా వెలుగు. బండిమీద కర్రలతో, వెదుళ్ళతో ఎత్తైన చట్రమును నిలిపి, రంగుబట్టలతోను, దేవతల చిత్రములతోను అలంకరింతురు. కొన్ని ప్రభలు 60, 70 అడుగులను మించి ఆకాశమునంటును. పూర్వము దీపములతో వెలిగిన ప్రభలకు నేడు జనరేటరుల సాయమున వేలకొలది విద్యుద్దీపములు అమర్చుచున్నారు. ట్రాక్టర్లు కూడ ఈ పనిలోనికి వచ్చినవి.

ఇంత ఎత్తైన చట్రము గాలికి ఒరగకుండ, ఎగుడుదిగుడు దారిలో పడిపోకుండ సాగుట సామాన్య విషయము కాదు. అడుగుభాగమున బరువెంత ఉండవలెను, చట్రము ఏ చోట బలముగా నుండవలెను, మోకులు ఏ కోణమున లాగి పట్టవలెను అనునవి ఆ గ్రామస్థులు తరతరములుగా నేర్చుకొన్న విషయములు. ప్రభ ఒక్కని సొత్తు కాదు. కర్ర ఒకరిది, బట్ట ఒకరిది, చేతిపని పదుగురిది. పండుగ ముగిసిన పిదప దానిని విప్పుదురు. ఏడాది తిరుగగానే మరల కట్టుదురు. ఇట్లు విప్పి కట్టుటలోనే చిన్నవారు పెద్దలవద్ద పని నేర్చుకొందురు. ప్రభను ఒక్కసారి కట్టి అద్దాల గదిలో శాశ్వతముగా నిలిపియున్నచో, దానిని కట్టు విద్య ఎన్నడో అంతరించియుండెడిది.

ఇట్టి కథయే భూగోళమునకు ఆవలివైపున మధ్య అమెరికాలోని కోస్టారికా దేశమున జరిగినది. పంతొమ్మిదవ శతాబ్దము మధ్యభాగము నుండి అచటి రైతులు కాఫీగింజలను ఎద్దుబండ్లకెత్తి, కొండలు దాటి, పసిఫిక్ తీరముననున్న పుంతారెనాస్ రేవునకు తోలుకొనిపోయెడివారు. ఆ ప్రయాణమునకు 10 నుండి 15 దినములు పట్టెడిది. బురదలో దిగబడకుండ వారి చక్రములకు ఆకులు లేకుండ, నిండుపలకగా చేసిరి. ఇరువదవ శతాబ్ద ప్రారంభమున ఆ నిండుపలకమీద రంగులు దిద్దుట మొదలైనది. ఒక్కొక్క ప్రాంతమునకు ఒక్కొక్క రీతి ఏర్పడి, చక్రముమీది చిత్రమును చూచి బండివాని ఊరు చెప్పగలిగెడివారట. క్రమముగా పూవులు, ముఖములు, చిన్న చిన్న ప్రకృతి దృశ్యములు వెలసినవి. చక్రము తిరుగునప్పుడు ఇనుప వలయమొకటి తాకి మ్రోగునట్లు అమర్చుటచే ప్రతి బండికిని తనదైన పాట యుండెడిది. కంటికి కనబడక పూర్వమే, మ్రోతనుబట్టి ఎవరి బండి వచ్చుచున్నదో గుర్తించుట సాధ్యమయ్యెడిది.

అచటను రైళ్ళు, లారీలు వచ్చినవి. బండ్లు పొలము నుండి తొలగినవి. కాని సార్చీ అను ఊరిలోని పనివారు రంగులబండ్ల విద్యను విడువలేదు. 1988లో ఆ దేశప్రభుత్వము ఎద్దుబండిని శ్రమకు జాతీయ చిహ్నముగా ప్రకటించెను. 2005లో యునెస్కో ఆ సంప్రదాయమును మానవజాతి వారసత్వముగా గుర్తించెను. 2008లో అది ఆ సంస్థవారి జాబితాలో చేరినది. గుర్తింపు లభించినది పాత బండ్లకు మాత్రమే కాదు, వానిని చేయు విద్యకును, ఎడ్లను తోలు నేర్పునకును కూడ.

మధ్యధరా సముద్రములోని సిసిలీ ద్వీపమున గుర్రపు బండ్లకు ఇట్టి వైభవమే కలిగినది. చక్రములు చేయువాడు ఒకడు, ఇనుపపని చేయువాడు ఒకడు, కొయ్య చెక్కువాడు ఒకడు, చిత్రములు వ్రాయువాడు ఒకడు. ఇందరి చేతులు కలిసిననే బండి పూర్తి యగును. ప్రక్కపలకలమీద షార్లమేన్ చక్రవర్తి వీరుల యుద్ధగాథలు చిత్రించెడివారు. అవే కథలను ఆ ద్వీపపు బొమ్మలాటవారును ప్రదర్శింతురు. మన తోలుబొమ్మలాటలో రామాయణ భారతములు ఎట్లో వారికి ఆ గాథలు అట్లు. అందుచే చదువురానివాడు సైతము బండిని చూచి కథ చెప్పుకొనగలిగెడివాడు.

ఇది ఎడ్లబండ్లకును, గుర్రపుబండ్లకును మాత్రమే చెల్లు విషయమని తలపరాదు. హైదరాబాదులో కె. సుధాకర్ అనునతడు బాల్యముననే సైకిళ్ళతో ప్రారంభించి, పాత ఇనుప సామాను, పనికిరాని విడిభాగములు సేకరించి చిత్రవిచిత్రములైన వాహనములను చేతితో నిర్మించెను. వంకాయ, బూటు, కెమెరా, ఫుట్‌బాల్ వంటి ఆకారములుగల ఆ కార్లు బొమ్మలు కావు; నడచు వాహనములు. 2005లో అతడు 41 అడుగుల 7 అంగుళముల ఎత్తుగల మూడు చక్రముల సైకిలును చేసి గిన్నిస్ గ్రంథమున పేరు పొందెను. 2010లో అతని వాహనములకు ప్రదర్శనశాల ఏర్పడినది. ఇనుప తుక్కులో ఇతరులు చూడని రూపమును అతడు చూచెను. మీ ఇంట తాతగారి స్కూటరో, జీపో ఉన్నచో దానికిని ఇట్టి జన్మము కలుగవచ్చును. అయితే రోడ్డుమీద నడుపదలచిన మోటారు వాహనమును ఇచ్చవచ్చినట్లు మార్చుటకు వీలులేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను దీనికి నియమములు విధించినది. అనుమతి పొందవలెను, లేదా దానిని ఇంటి ఆవరణలోనే నిలుపుకొనవలెను.

ఇక బండిని దిద్దు విధానమును చెప్పుకొందము. మొట్టమొదట చేయవలసిన పని కాగితము, పెన్సిలు పట్టుట. ఇంటి పెద్దలను కూర్చుండబెట్టి బండి చరిత్ర అడుగవలెను. ఎవరు చేసిరి? కొయ్య ఏ చెట్టుది? ఎడ్ల పేర్లేమి? ఏ పెండ్లికి, ఏ తీర్థమునకు పోయినది? పిమ్మట ప్రతి భాగమును కొలిచి పటము గీయవలెను. ఒక భాగము చెడినచో కొత్తది చేయుటకు ఈ కొలతలే ఆధారము.

రెండవది పరీక్ష. చెదలు పట్టిన చోటును, మెత్తబడిన కొయ్యను గుర్తించి, వీలైనంతవరకు అదే జాతి కొయ్యతో వడ్రంగిచేత అతికింపవలెను. ఒక మూల చెడినదని నొగనంతయు మార్చరాదు. కాడిమీద ఎడ్ల మెడలు ఒరసి నునుపెక్కిన పల్లములు, బండివాడు కూర్చుండు చోట అరిగిన పలక — వీనిని ఇసుకకాగితముతో రుద్ది కొత్తగా చేయుట మహాపరాధము. ఆ అరుగుదల యాభై ఏండ్లు వ్రాసిన చిత్రము. ఏ చిత్రకారుడును మరల వ్రాయజాలడు. ఇరుసునకు కాల్చిన గడ్డి మసిని ఆముదముతో కలిపిన పాతకాలపు కందెన వేసినచో చక్రము తేలికగా తిరుగును. తిరుగని చక్రము గల బండి ఎంత అందముగా నున్నను శవమునకు చేసిన అలంకారమువంటిది.

మూడవది రంగు. కొయ్య బాగుగా ఆరిన పిదపనే రంగు వేయవలెను. సీసము కలిసిన రంగులు ఆరోగ్యమునకు హానికరములు. గృహములకు వాడు రంగులలో సీసము పది లక్షల వంతులలో 90 వంతులకు మించరాదని మన దేశమున 2016లో నియమములు చేసిరి. కావున డబ్బామీది వివరము చదివి కొనవలెను. ఏ చిత్రము వ్రాయవలెనను ప్రశ్నకు మీ ఊరే సమాధానము చెప్పును. కళ్ళములో ఆరబోసిన మిరపపండ్ల ఎరుపు, విచ్చిన ప్రత్తికాయ తెలుపు, పాకల సముద్రపు నీలము, కొండమీది ఆలయము, మూపురమెత్తిన గిత్త — ఇంతకుమించిన వర్ణములు, విషయములు ఎక్కడనుండి తేవలెను? బజారులో దొరకు అచ్చుబొమ్మను అతికించినచో అది అందరి బండి యగును గాని మీ ఇంటి బండి కాజాలదు.

నాలుగవది మితము. బండి అంతటను పూసి, కొయ్యయే కనబడకుండ చేయరాదు. కుండ, ఆకులు కలియు చోటు, కడసీల, ఇనుప కట్టు స్పష్టముగా కనబడవలెను. చూచువాడు రంగులను మెచ్చుటతో ఆగక, ఇది ఎట్లు నడచినదో గ్రహింపవలెను. వెనుకపలకపై కొంత చోటు ఖాళీగా విడుచుట మంచిది. మీ తరువాతివారు తమ తరపు గుర్తును అందు వ్రాసికొందురు.

ఇట్టి మార్పునకు సమ్మతింపనివారును కలరు. “పాత వస్తువును పాతదిగానే ఉంచవలెను, రంగులు పూయుట దాని నిజస్వరూపమును దాచుటయే” అని వారందురు. ఈ మాటలో సత్యమున్నది. అపురూపమైన ప్రాచీన రథమును ముట్టుకొనరాదు; దానిని నిపుణులకే విడువవలెను. కాని ఇంటి బండి అట్టిది కాదు. అది ఏటేటను మరమ్మతు పొందుచు, ఒక తరమున ఆకు, ఒక తరమున ఇరుసు మార్చుకొనుచు బ్రతికినది. మార్పు దానికి కొత్త కాదు. మరి కొందరు బండిని కోసి చక్రమును బల్లగను, కాడిని దీపముల తోరణముగను వాడుచున్నారు. తక్కినదంతయు చెడిపోయినప్పుడు అదియు మేలే. కాని నిలువగల బండిని ముక్కలు చేసినచో కొయ్య మిగులును, బండి మిగులదు. ఒక భాగము మరియొక భాగముతో కలిసి పనిచేసిన తీరును చూపుటకు అటుపై ఏమియు నుండదు.

అన్నిటికంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. బండి చెడినచో మరియొక బండిని చేయవచ్చును. చేయగలవాడు లేనప్పుడు ఏమి చేయుదుము? ఆకును కుండలో బిగించు వడ్రంగి, కట్టును కాల్చి తొడుగు కమ్మరి నేడు వృద్ధులగుచున్నారు. పని లేకున్నచో వారి పిల్లలు ఆ విద్యను నేర్వరు. ఒక ఇంటివారు తాతలనాటి బండిని బాగుచేయ సంకల్పించినప్పుడు ఆ వృద్ధునకు కబురు పోవును. అతడు ఉలి పట్టును. చుట్టును పిల్లలు చేరుదురు. ఆ నాలుగు దినములలో పిల్లలు చూచినది, ఎంత లావు పుస్తకమైనను నేర్పజాలదు. అందుచే బండిని కళాఖండము చేయుటలో మనము రక్షించునది కొయ్యనొక్కదానినే కాదు, ఆ చేతులలోని తెలివిని కూడ.

విద్యార్థులారా! మీ ఇంటనో, మీ బంధువుల ఇంటనో చెట్టుక్రింద బండి యొకటి ఉండవచ్చును. దానికి రంగు వేయుటకు మీకు ఇప్పుడు స్తోమత లేకపోవచ్చును. కాని చక్రమునకు ఎన్ని ఆకులో లెక్కించుటకు, చుట్టుకొలత కొలుచుటకు, దానిని చేసిన వానిపేరు అడిగి నోటుపుస్తకమున వ్రాసికొనుటకు ధనముతో పనిలేదు. ఆ పేరు చెప్పగలవారు ఊరిలో ఉన్నప్పుడే అడిగి వ్రాసికొనుడు. చెదలను ఆపుటకు మందు కలదు. మరపునకు మందు లేదు.